పెళ్ళిచూపులకు వచ్చిన సమన్లు

ఆ రోజుల్లో నన్ను చూసి కుళ్ళుకునేవాళ్ళు ఒక్కరూ లేరుగాని, జాలిపడేవాళ్ళు మాత్రం వరసలో నిలబడేవారు. ఆ రోజులంటే మరీ తాతలనాటివి అనుకోకండి. ఫోను మీద వేలు ఆడిస్తే ఎవరి బండి మీద ఎన్ని ట్రాఫిక్ సమన్లు, అంటే జరిమానా నోటీసులు, ఉన్నాయో బయటపడిపోయే రోజులే. బడి నన్ను వదిలేసిందా, నేనే బడిని వదిలేశానా అన్న సంగతి మీద మా ఇంట్లో ఇప్పటికీ రెండు పార్టీలున్నాయి (నా పార్టీలో నేనొక్కణ్ణే). మూడో ఫారం పరీక్షలయ్యాక నేను బయటికొస్తుంటే హెడ్మాస్టరు గేటు దాకా వచ్చి సాగనంపాడని నేను చెప్పుకుంటాను. గేటుకి గొళ్ళెం పెట్టడానికి వచ్చాడని అమ్మ చెబుతుంది. ఏమైతేనేం, చదువుకీ నాకూ అక్కడితో చెల్లు. బంటింగ్‌లో ఒక ఎయిర్‌కాన్ దుకాణంలో చేరి, నిచ్చెనలెక్కి ఊరివాళ్ళ ఇళ్ళు చల్లబరుస్తూ, నేను మాత్రం చెమటలు కక్కుతూ పెరిగి పెద్దవాణ్ణయ్యాను.

నాకో పాత కారుండేది. దాన్ని నేను నడిపే తీరు చూసి దుకాణంలో నాకు తాబేలు అని పేరు పెట్టారు. రోడ్డు మీద నేను దాటిపోగలిగినవి రెండే: టైరు పేలి ఆగిపోయిన లారీ, ఎప్పుడో చచ్చిపోయిన ఉడుము. హైవే మీద ఎడమ పక్కన నేను పోతుంటే వెనకవాళ్ళు శవయాత్ర అనుకుని కొంతదూరం మర్యాదగా వెంట వచ్చేవారు. ఈ నెమ్మది భయం వల్ల వచ్చింది కాదు, ఆశ వల్ల వచ్చింది. మా మలేషియాలో ఏడాదంతా ఎవర్నీ గుద్దకుండా, ఇన్షూరెన్సు కంపెనీని చిల్లిగవ్వ అడక్కుండా గడిపితే, మరుసటి ఏడాది ప్రీమియంలో తగ్గింపు ఇస్తారు. దాన్ని ఎన్.సి.డి. అంటారు. మొదట నూటికి ఇరవై అయిదు, తర్వాత ముప్పై, తర్వాత ముప్పై ఎనిమిది చిల్లర, అలా మెట్టు మెట్టూ ఎక్కి చివరికి యాభై అయిదు దగ్గర ఆగుతుంది. లెక్కల్లో ఎన్నడూ ఇరవై దాటని మనిషికి ఏటేటా మార్కులు పెరుగుతుంటే ఎలా ఉంటుందో, దాటినవాళ్ళకి చెబితే అర్థం కాదు. నలభై అయిదు వచ్చిన రోజు ఆ పాలసీ కాగితానికి లామినేషన్ చేయించాను. (అమ్మ దాన్ని కొన్నాళ్ళు వేడి చట్టి కింద వేసుకుంది.) ఆ ఏడాదీ గడిచిపోవచ్చింది. వచ్చే నెలలో రెన్యువల్, అంటే యాభై అయిదు, అంటే నా డిగ్రీ.

సరిగ్గా అప్పుడే మా పెద్దమ్మ క్లాంగ్ నుంచి ఒక సంబంధం తెచ్చింది. పిల్ల ఒక పళ్ళ డాక్టరు దగ్గర కౌంటరులో పని చేస్తుంది. తండ్రి మనవాడే, తల్లి తమిళావిడ. ఇంట్లో మాట ఎక్కువగా తమిళమే, పిల్లకి తెలుగు అర్థమవుతుందిగాని నోటికి తొందరగా రాదు. ఇంతవరకూ నేను ఆవలిస్తూనే విన్నాను. తండ్రికి క్లాంగ్‌లో కార్లకి ఇన్షూరెన్సు, రోడ్ టాక్స్ తీసిపెట్టే దుకాణం ఉందని చెప్పేసరికి నిటారుగా కూర్చున్నాను.

"పెద్దమ్మా, నా సదువు గురించి ఆయన అడిగితే ఏటి సెప్పినావు?"

"అడగనిస్తే గదా. ముందే, మావోడు ఇంతవరకూ కారు గుద్దనేదు, కిలేము సెయ్యనేదు అని సెప్పేసినాను. ఆయన ముఖం ఎలిగిపోయినాది లా."

(మాట చివర ఆ 'లా' మా మలేషియా తోక, దానికి వేరే అర్థం లేదు. మా పెద్దమ్మ అబద్ధమాడదు. ఏ నిజం ఎవరి ముందు పెట్టాలో ఆవిడకి తెలుసు.)

ఆ ఆదివారం పొద్దున్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, అమ్మనీ పెద్దమ్మనీ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బయలుదేరాను. ఇక్కడ మా అమ్మ గురించి కాస్త చెప్పాలి. మనిషి పొట్టి, మాట నెమ్మది, నడక అంతకంటే నెమ్మది. నాన్న పోయాక, బటాంగ్ బెర్జుంటై ఎస్టేటులో ఇల్లు ఖాళీ చేసి బంటింగ్ వచ్చాక, తోచక దోసెల పిండి రుబ్బడం మొదలుపెట్టి, ఆ ఏడే దాన్ని వ్యాపారం చేసింది. వయసు మీరాక లైసెన్సు తీసుకుంది. పనిరోజుల్లో నేను దుకాణం వ్యానులో పోతాను గనక కారు ఆవిడదే. తెల్లారేసరికి ప్లాస్టిక్ బకెట్లలో పిండి నింపుకుని, డ్రైవరు సీటు మీద దిండు వేసుకుని, క్లాంగ్ హోటళ్ళకి అందించి వస్తుంది. తోడుగా పెద్దమ్మ. ఆ ఇద్దరూ ఎలా పోతారో, ఎలా వస్తారో నేనెన్నడూ ఆలోచించలేదు. దిండు మీద కూర్చున్న ఆవిడ గురించి ఎవరికైనా ఏం అనుమానం వస్తుంది చెప్పండి.

దారిలో అమ్మ ఒకసారి ముందుకి వంగి స్పీడు ముల్లు చూసింది. "ఒరే, ఇలా నడిపితే ఆ పిల్లకి ఇంకోడితో పెళ్ళయి బారసాల టైముకి సేరతాం." నేను నవ్వి ఊరుకున్నాను. ముసలావిడ సరదా అనుకున్నాను.

క్లాంగ్‌లో వాళ్ళ హాలు చల్లగా ఉంది (ఎయిర్‌కాన్ ఫిల్టరు కడిగి చాన్నాళ్ళయిందని చప్పుడు బట్టే తెలిసింది, నోరు మూసుకున్నాను). ఇన్షూరెన్సు మామయ్య, అప్పటికింకా అంకులే అనుకోండి, లావుపాటి కళ్ళద్దాల మనిషి. ఆయన భార్య మురుకులూ టీ తెచ్చిపెట్టి "సాప్పిడుంగ", తినండి, అని లోపలికెళ్ళిపోయింది. పిల్ల ఎదురు సోఫాలో కూర్చుంది. తల దించుకోలేదు, నవ్వలేదు, నన్ను చూసింది అంతే. పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చే మనుషుల్ని చూసి చూసి అలవాటైన చూపు, ఈయనకి ఎక్కడ నొప్పి అన్నట్టు.

"తంబీ, ఎంత?" అన్నాడు అంకుల్.

జీతం అనుకుని నేను గొంతు సవరించుకుంటుంటే చెయ్యి అడ్డంగా ఊపాడు. "జీతం కాదు. ఎన్.సి.డి."

"నలభై అయిదు అంకుల్. వచ్చే నెలకి యాభై అయిదు."

ఆయన వంటగది వైపు తిరిగి "పాత్తియా?" అన్నాడు, చూశావా అని. ఇంజనీరు సంబంధానికి కూడా అంత గర్వంగా అని ఉండడు. పెద్దమ్మ నా తొడ గిల్లింది. అమ్మ ఇంకో మురుకు తీసుకుంది. ఆ క్షణంలో నన్ను ఫోటో తీసి ఉంటే బాగుండేది. ఆ తర్వాత అలాంటి ముఖం నాకు మళ్ళీ రాలేదు.

ఇక జాతకాల మాట వచ్చింది. నా పుట్టిన వేళ రాసిన కాగితం ఎస్టేటు ఇల్లు మారినప్పుడు పోయింది. "ఐసి ఇచ్చీ, తేదీ దాన్లో ఉన్నాది గదా" అంది పెద్దమ్మ. మా గుర్తింపు కార్డుని ఐసి అంటాం. దాని మీది పన్నెండు అంకెల్లో మొదటి ఆరూ పుట్టిన తేదీయే. నేను వినయంగా రెండు చేతులతో అందించాను. ఆయన ఫోను తీసి కొట్టడం మొదలుపెట్టాడు. జాతకానికి ఆరంకెలు చాలు. ఆయన పన్నెండూ కొట్టాడు. ఆయన్ని అనడానికి లేదు; ఏళ్ళ తరబడి ఎవరి ఐసి చేతికొచ్చినా, రోడ్ టాక్స్ తీసే ముందు సమన్లేమైనా ఉన్నాయా అని చూసుకోవడం ఆయన వేళ్ళకి పట్టిన అలవాటు. గుడి కనబడగానే చెప్పులు విడిచే చేష్టలాంటిది, మెదడుతో పని లేదు.

కాసేపటికి ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. వేలితో తెరని పైకి తోశాడు. మళ్ళీ తోశాడు. జాతకంలో దోషం ఏదో గట్టిదే ఉందనుకుని నేను మనసులో ముడుపు కట్టుకుంటున్నాను. ఆయన ఇంకా తోస్తూనే ఉన్నాడు.

"తంబీ," అన్నాడు చివరికి, గొంతు బాగా తగ్గించి, "నీకు రేసులు గీసులు అలవాటున్నాదా?"

ఫోను నా వైపు తిప్పాడు. నా పేరు, నా కారు నంబరు, దాని కింద వరసగా సమన్లు. అన్నీ అతివేగం. తొంభై బోర్డున్న చోట నూట పదహారు. ఇంకోచోట నూట ఇరవై రెండు. నా కారుకి నూట ఇరవై వచ్చునన్న సంగతే నాకు తెలియదు. నా నాలిక మురుకుకి అతుక్కుపోయింది. ఆ స్థితిలో మంచి కుటుంబంలో పుట్టిన ఏ పెళ్ళికొడుకైనా "ఇవి నావి కావండీ" అని మొదలుపెడతాడు. నేను ఏమన్నానో ఇప్పటికీ మా బంధువుల్లో పిల్లలు వేషం వేసి చూపిస్తుంటారు.

"అంకుల్, అయితే నా ఎన్.సి.డి. పోయినట్టేనా?"

పిల్ల మొదటిసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంకుల్ మాత్రం, వృత్తి మీద గౌరవమున్న మనిషి గనక, అడిగిన ప్రశ్నకి ముందు జవాబు చెప్పాడు.

"పోదు. సమన్ వేరు, ఎన్.సి.డి. వేరు. నువ్వు గుద్ది, కిలేము సేసినావనుకో, అప్పుడు సున్నాకి పడిపోతాది. సమన్ ఎన్నొచ్చినా అది కదలదు. కాని ఇవి తీర్చకపోతే రోడ్ టాక్స్ ఆపెయ్యగలరు. ఇంకోటి, ఇప్పుడు కంపెనీలు మనిషిని సూసి రేటు ఏసుకోవచ్చు. రేపు ఎవడైనా ఈ లిస్టు సూసి, వీడు ముట్టుకుంటే కాలే కేసు అనుకుంటే ప్రీమియం పెంచగలడు. నేనైతే పెంచుతాను." ఫోను బల్ల మీద బోర్లించాడు. "సరే, రేటు సంగతి కంపెనీ సూసుకుంటాది. పిల్ల సంగతి నేను సూసుకోవాలి."

అదీ దెబ్బ. యాభై అయిదు పదిలంగా ఉంది, పెళ్ళి పోతోంది. పెద్దమ్మ ముఖంలో రంగు లేదు. ఒక్క ఉత్తరమైనా రాలేదే అని నేను గొణిగితే, అడ్రసు ఎక్కడిదని అడిగాడాయన. అప్పుడు తట్టింది. నేను అడ్రసు మార్చనే లేదు. కాగితాల్లో నేనింకా బటాంగ్ బెర్జుంటై ఎస్టేటు ఇంట్లోనే కాపురముంటున్నాను. ఆ ఇళ్ళు పడగొట్టి ఆయిల్‌పామ్ వేసి చాలా కాలమైంది. నా సమన్లన్నీ క్రమం తప్పకుండా ఆ చెట్లకి అందుతున్నాయన్నమాట.

ఈలోగా పిల్ల వంగి ఆ ఫోను తీసుకుంది. నిదానంగా చూసింది. "అప్పా," అంది, "అన్నీ పొద్దున్నే. ఏడులోపల. పనిరోజులే. బంటింగ్ రోడ్డు మాత్రమే." తర్వాత నా వైపు చూసి, వెతుక్కుంటూ వెతుక్కుంటూ తెలుగులో అడిగింది. "మీకు... ఆ టైములో క్లాంగ్‌లో ఏటి పని?"

ఏ పనీ లేదు. ఆ టైములో నేను దుకాణం షట్టరు ఎత్తుతుంటాను. ఏడులోపల, పనిరోజుల్లో, క్లాంగ్ వైపు నా కారు తోలుకెళ్ళే మనిషి ఈ భూమ్మీద ఒక్కరే. నేను మెల్లగా తల తిప్పి చూశాను. ఆవిడ మురుకు విరుచుకుని ఒక ముక్క పెద్దమ్మకిస్తోంది. ఆ చేతులు, ఆ చిన్న చిన్న వేళ్ళు. నూట ఇరవై రెండు. ఇన్నాళ్ళూ నేను సీటు వెనక్కి జరుపుకుంటూ, దిండు తీసి పక్కన పెడుతూ, దీని మీద కూర్చుని మా అమ్మ ఎంత జాగ్రత్తగా పోతుందో పాపం అని మురిసిపోయినవాణ్ణి.

అయినా పెళ్ళిచూపుల్లో కన్నతల్లిని ఎవరు పట్టిస్తారండీ. ఊపిరి బిగబట్టి, నేల చూస్తూ అనేశాను. "నేనే అంకుల్. అప్పుడప్పుడు అలా... చెయ్యి కాస్త స్పీడు."

(చెయ్యి కాదు, కాలు. స్పీడుగా పోయేవాడికి ఆ మాత్రం తెలుస్తుంది.)

నా త్యాగం ఆ హాల్లో పూర్తిగా ఆరకముందే అమ్మ టీ కప్పు టక్కున కింద పెట్టింది.

"ఏటిరా నువ్వు ఎల్లింది? నీ మొకానికి నూట ఇరవయ్యా? ఇందాక వచ్చినప్పుడు సైకిలోడు మనల్ని దాటి, ఎనక్కి తిరిగి సూసి మరీ ఎల్లినాడు. అన్నయ్యా, వీడి మాట నమ్మకండి. అయన్నీ నావి."

అంకుల్ అమ్మని తల నుంచి పాదం దాకా చూశాడు (ఆ చూపుకి ఎంతోసేపు పట్టలేదు, అంత ఎత్తు లేదు). "సెల్లెమ్మా... నువ్వా?"

"మరేటి సెయ్యమంటారు? మన ఎండకి పిండి ఆగతాదా? బకెట్టు డిక్కీలో ఎక్కినకాడినుంచి అది పొంగతానే ఉంటాది. ఎనకాల మూత లేచిన సప్పుడు ఇంటే నా కాలు ఆగదు. పుల్సిపోయిన పిండి హోటలోడు తీసుకుంటాడా? ఒక్కరోజు పుల్లగా ఇచ్చినానని ఎవడినైనా అనమనండి, సూద్దాం."

"రోడ్డు మీద స్పీడు కేమెరా మెరవనేదా?" అన్నాడు అంకుల్.

"మెరిసినాది. వాన నేదు, మబ్బు నేదు, మెరుపేటని రెండుమూడు సార్లు అనుకున్నాను. ఆగి సూద్దామంటే పిండి ఉన్నాది గదా."

నేను పెద్దమ్మ వైపు తిరిగాను. పక్క సీట్లో రోజూ కూర్చునే మనిషి, ఒక్కసారైనా చెప్పొద్దా. ఆవిడ మురుకు పొడి కొంగుతో తుడుచుకుంటూ, "కారు కదలగానే నేను కళ్ళు మూసుకుని నామాలు సదువుకుంటాను. మళ్ళీ క్లాంగ్‌లోనే తెరుస్తాను. ఎంత స్పీడో నాకేటి తెలుసు," అంది. తర్వాత కాస్త ఆలోచించి, "నామాలు సగంలోనే క్లాంగ్ వచ్చీసేది, అది నిజవే," అని ఒప్పుకుంది.

అంకుల్ ముఖం మీద కొత్త భయం ఒకటి ఎక్కడం నేను కళ్ళారా చూశాను. "తంబీ. పాలసీలో అమ్మ పేరు రాయించినావా?"

"లేదంకుల్. కారు నాదే కదా అని..."

ఆయన సోఫాలో వెనక్కి పడ్డాడు. మంచినీళ్ళు అడిగాడు. సమన్ల వరస చూసినప్పుడు కూడా నీళ్ళు అడగని మనిషి. పేరు లేని డ్రైవరు గుద్దితే నష్టంలో మొదటి వాటా మన జేబులోంచే ఇచ్చుకోవాలట. ఆ కిలేముతో నా డిగ్రీ కూడా పోయేదట. "ఇన్నాళ్ళూ ఆవిడ నూట ఇరవైలో, పేరు లేకండా, పిండితో..." అంటూ ఆ మాట పూర్తిచెయ్యలేకపోయాడు. సమన్లన్నీ తీర్చి రండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు. పోలీసులు అప్పుడప్పుడూ సమన్ల మీద తగ్గింపు ఇస్తారు గనక ఆ ఆఫరు వచ్చేదాకా ఆగుదామని పెద్దమ్మ అంటే, ఆయన ఆవిడ వైపు కూడా చూడకుండా, "పిల్ల ఆగదు" అన్నాడు. పిల్ల గుమ్మం దాకా వచ్చి, అమ్మ చెప్పులు తిప్పి పెట్టింది. నావి పెట్టలేదు.

తిరుగు దారిలో బంటింగ్ దగ్గరపడ్డాక, అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, "నా మూలాన నీ పెళ్ళి ఎల్లిపోతాదేటిరా," అంది. ఆవిడ గొంతు అలా సన్నబడగా నేను అంతకుముందు ఒక్కసారే విన్నాను, నాన్న పోయినప్పుడు. ఏం చెయ్యాలో తోచక యాక్సిలరేటరు మీద కాస్త గట్టిగా నొక్కాను. ముల్లు డెబ్భై దాటింది. "బాగున్నాది," అంది అమ్మ, "ఇలా రావాలి."

మర్నాడే వెళ్ళి కౌంటరులో సమన్లన్నీ కట్టేశాం. అక్కడి కుర్రాడు రసీదులు గుద్దుతూ గుద్దుతూ నన్ను గౌరవంగా చూశాడు. అమ్మ వాడికి అసలు సంగతి చెప్పబోతుంటే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. తర్వాత చాలా రోజులు క్లాంగ్ నుంచి కబురు లేదు. నేను నిచ్చెన మీద ఉన్నా, కింద ఉన్నా ఫోనే చూసుకుంటున్నాను. రెన్యువల్ వారంలో ఒక సాయంత్రం, అంకుల్ తన బండిలో తనే మా ఇంటి ముందు దిగాడు. కొత్త పాలసీ నా చేతికి కాకుండా అమ్మ చేతికిచ్చాడు. తగ్గింపు యాభై అయిదు. దాని కింద డ్రైవర్ల గడిలో నా పేరు, దాని పక్కన అమ్మ పేరు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే ఆయన కుర్చీ లాక్కుని, "ముహూర్తం ఎప్పుడు పెట్టుకుందాం సెల్లెమ్మా?" అన్నాడు. నేను నిలబడినవాణ్ణి నిలబడినట్టే ఉండిపోయాను. నన్నెవరూ ఏమీ అడగలేదు.

ఇదంతా జరిగి ఏళ్ళయింది. అమ్మ పిండిని ఇప్పుడు ఒక హోటలువాడి వ్యానే వచ్చి తీసుకుపోతోంది. కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆవిడ మళ్ళీ కారు ముట్టుకోలేదు, వెనక సీట్లో కూర్చుంటుంది. అయినా ముందు లారీ ఏదైనా నత్తనడక నడుస్తుంటే, ఓరగా వెనక్కి చూస్తాను గదా, ఆవిడ కుడికాలు నేల మీద మెల్లగా నొక్కుతూ ఉంటుంది. ఆ కాలిని చూసినప్పుడల్లా, నేల చూస్తూ "చెయ్యి కాస్త స్పీడు" అన్న ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాడు గుర్తొస్తాడు. ఎంత చక్కగా అబద్ధమాడానో అనుకున్నాడు పాపం. వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దొస్తాడు కూడా.

మొన్న భోజనాల దగ్గర ఆ ముద్దు ఎక్కువై, నా త్యాగం చూసే గదా మీ నాన్న పిల్లనిచ్చాడు అని మా ఆవిడతో అన్నాను. ఆవిడ అమ్మ కంచంలో కూర వడ్డించి, నా కంచం దాటుకుంటూ, ఇప్పుడు బాగా తిరిగిన తెలుగులో అంది:

"ఆ రోజు మేం అందరం సూసింది అత్తమ్మనే లా. పాలసీ ఆవిడ. నువ్వు, పాలసీ తీసుకుంటే ఊరికే ఇస్తారే గొడుగు, అది."